విడాకులు అయినా జాయింటు ఖాతా ఓడీ బాకీ నా మెడకు చుట్టుకుంటుందా?

మల్లెపందిరి
విజయవాడ ఫ్యామిలీ కోర్టు 2022లో మాకు పరస్పర అంగీకార విడాకులు మంజూరు చేసింది. పెళ్లయిన కొత్తలో, ఆటోనగర్‌లో ఆయన నడుపుతున్న లారీ విడిభాగాల దుకాణం కోసం మా ఇద్దరి పేర్ల మీద ఒక కరెంటు ఖాతా తెరిచి, దాని మీద ఓవర్‌డ్రాఫ్టు (ఓడీ, అంటే ఖాతాలో సొమ్ము లేకపోయినా ఒక పరిమితి దాకా తీసుకోగలిగే అప్పు) తీసుకున్నాము. నాకు గుర్తున్నంత వరకు దాని పరిమితి ఐదు లక్షలు. ఆ ఖాతా నుంచి నేను ఒక్క రూపాయి కూడా తీయలేదు, చెక్కుబుక్కు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేది. విడాకుల ఒప్పంద పత్రంలో "వ్యాపారమునకు సంబంధించిన అప్పులన్నియు మొదటి పిటిషనరు ఒక్కరే తీర్చవలెను, రెండవ పిటిషనరునకు వాటితో ఎట్టి సంబంధమును లేదు" అని రాసుకున్నాము, కోర్టు ఆ పత్రాన్ని డిక్రీలో భాగం చేసింది.

ఇప్పుడు 7,64,000 రూపాయల బకాయి కట్టాలంటూ ఇద్దరి పేరా నోటీసు వచ్చింది. అదే బ్యాంకులో ఉన్న నా జీతం ఖాతాలోని సొమ్మును కదలకుండా ఆపేశారు. డిక్రీ ప్రతి పట్టుకుని శాఖకు వెళితే, అది మీ ఇద్దరి మధ్య ఉన్న ఏర్పాటే తప్ప మాకు సంబంధించినది కాదని మేనేజరు తేల్చి చెప్పారు. కోర్టు రాసిన దానికంటే బ్యాంకు కాగితానిదే పైచేయి అవుతుందా?

చివరి బెంచీ
డిక్రీ ఉండగా బ్యాంకు మిమ్మల్ని అడగడమే తప్పు. కోర్టు ధిక్కారం కేసు వేయండి, మేనేజరు దారికి వస్తారు.

ఓరుగల్లు వకీలు
చివరి బెంచీ గారి సలహా పాటిస్తే ఫీజు ఖర్చు తప్ప వేరే ఫలితం ఉండదు. ఆ డిక్రీ మీ ఇద్దరినీ కట్టడి చేస్తుంది కాని, ఆ కేసులో పార్టీగా లేని బ్యాంకును కట్టడి చేయదు. బ్యాంకు అంగీకారం లేకుండా బ్యాంకుకు రావలసిన బాకీని మీలో ఒకరి నుంచి మరొకరికి మార్చే అధికారం మీ ఒప్పందానికి లేదు.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 43వ సెక్షను ప్రకారం, ఇద్దరు కలిసి ఒక వాగ్దానం చేసినప్పుడు, ఒప్పందంలో అందుకు విరుద్ధంగా ఏమీ రాసుకోకపోతే, అప్పు ఇచ్చినవారు ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా మొత్తం బాకీని వసూలు చేసుకోవచ్చు. డబ్బు ఎవరు తీశారు, చెక్కుబుక్కు ఎవరి దగ్గర ఉంది అన్నవి మీ ఇద్దరి మధ్య లెక్క తేల్చుకోవడానికి పనికొచ్చే ప్రశ్నలే. బ్యాంకు చూసేది సంతకం ఒక్కటే.

అయితే మీ పోస్టులో ఒక మాట నన్ను ఆపింది. పరిమితి ఐదు లక్షలని మీరంటున్నారు, నోటీసులో ఉన్నది ఏడున్నర లక్షలకు పైన. వడ్డీతో మాత్రమే అంత తేడా వచ్చిందో లేదో ముందు చూడవలసి ఉంటుంది.

కాకినాడ కాజా
సెక్షన్లు సరే. ఇద్దరు కలిసి తీసుకున్న అప్పులో సగం సగమే కదా న్యాయం? 3,82,000 కట్టి చేతులు దులుపుకోకూడదా?

ఓరుగల్లు వకీలు
సగం అన్న లెక్క అప్పు తీసుకున్నవారిద్దరి మధ్యనే చెల్లుతుంది. ఒకరు మొత్తం కట్టేస్తే రెండోవారి నుంచి సమాన వాటా రాబట్టుకునే హక్కును అదే 43వ సెక్షను ఇస్తుంది. మల్లెపందిరి గారికి ఒప్పంద పత్రం ఉంది కనుక ఆమె సగం కాదు, తాను కట్టినదంతా ఆయన నుంచి అడగవచ్చు. మీరు చెప్పినట్లు సగం కట్టి ఇంటికి వెళితే, బ్యాంకు దాన్ని ఖాతాలో జమ చేసుకుని మిగతా సగానికి మళ్లీ ఆమెకే నోటీసు పంపుతుంది.

పాత క్యాషియరు
ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి దిగినవాడిని కనుక, అవతలి బల్ల వైపు నుంచి చెబుతాను. ఓడీ అనేది ఒకసారి తీసుకుంటే ఏళ్ల తరబడి అలాగే నడిచిపోయే అప్పు కాదు. సాధారణంగా పన్నెండు నెలలకు మంజూరు చేసి ఏటా పునరుద్ధరిస్తారు. పునరుద్ధరించిన ప్రతిసారీ మంజూరు పత్రం మీద, బాకీని అంగీకరించే పత్రం మీద రుణగ్రహీతలందరి సంతకాలూ తీసుకోవలసి ఉంటుంది. విడాకుల తర్వాత మీరు ఎక్కడైనా సంతకం చేశారా? చేయలేదనుకుంటే, మరి ఎవరు చేశారు?

శాఖకు రాతపూర్వకంగా ఒక దరఖాస్తు ఇచ్చి వీటి ప్రతులు అడగండి: ఖాతా తెరిచిన ఫారము, మొదటి మంజూరు పత్రం, రుణ ఒప్పందం, ఆ తర్వాతి ప్రతి పునరుద్ధరణ పత్రం, ఖాతా మొదలైన నాటి నుంచి నేటి వరకు పూర్తి స్టేట్‌మెంటు. మీరు సహ రుణగ్రహీత కనుక అవి అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు దగ్గరి నుంచి కదలకండి.

అన్నిటికంటే ముందు, ఈ రోజే, ఆ ఖాతా నుంచి ఇకపై ఒక్క రూపాయి కూడా తీయడానికి వీల్లేదని ఉత్తరం ఇవ్వండి. ఖాతా ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే నడపగల "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉన్నా, ఇద్దరిలో ఒకరు అభ్యంతరం తెలిపిన తర్వాత ఇద్దరూ కలిసి సంతకం చేస్తే తప్ప చెల్లింపులు జరపకుండా ఖాతాను నిలిపివేయడం బ్యాంకుల్లో ఆనవాయితీ. నిన్నటి వరకు తీసినది వివాదం కావచ్చు, రేపు తీసేది కాకూడదు.

చివరి బెంచీ
పెళ్లి శుభలేఖను అక్షరం అక్షరం దిద్దించినవారు కూడా ఓడీ పత్రం మీద పెన్సిలు గుర్తు పెట్టిన చోటల్లా చదవకుండా సంతకాలు చేసేస్తారు. నా కోర్టు ధిక్కారం సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

తుంగభద్ర
నాది ఇదే కథ, పాత్రలు తారుమారు. నా మాజీ భార్య కర్నూలులో నడిపిన బట్టల దుకాణం కోసం జాయింటుగా తీసుకున్న ఓడీకి నేను చిక్కుకున్నాను. ఆడవారికి మాత్రమే జరిగే విషయం అన్నట్లు ఈ చర్చ సాగకూడదని ఈ మాట రాస్తున్నాను. నేను అప్పు పూర్తిగా కట్టేసి, రసీదులతో ఆమె మీద సొమ్ము రికవరీ దావా వేశాను. ఆమె వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకుంది. వడ్డీ పెరుగుతూ ఉంటే, సిబిల్ స్కోరు పడిపోతూ ఉంటే, న్యాయం ఎవరి పక్షాన ఉందో తేలేదాకా కూర్చోవడం నావల్ల కాలేదు.

లెక్కల టీచరు
తుంగభద్ర గారి పద్ధతి అవతలివారికి ఆస్తి గాని, నెల జీతం గాని ఉన్నప్పుడే పనికొస్తుంది. దుకాణం మూసేసి ఊరు మారినవారి మీద డిక్రీ తెచ్చుకుంటే దాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకోవాలి. మల్లెపందిరి గారు ముందు తన బాధ్యత ఎంతో తేల్చుకోకుండా పైసా కట్టకూడదని నా అభిప్రాయం.

తుంగభద్ర
తేలేదాకా ఆమె ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టుకోగలరా? ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే ఆ మచ్చ ఇద్దరి రుణ చరిత్రలోనూ పడుతుంది. లెక్కలు సరిచూసుకునే లోపల బ్యాంకు ఆగదు, క్రెడిట్ సంస్థలు అసలే ఆగవు.

ఓరుగల్లు వకీలు
ఇద్దరి మాటలోనూ పస ఉంది. కట్టదలచుకుంటే, బాధ్యతను అంగీకరించకుండా అభ్యంతరంతో కడుతున్నానని ఉత్తరంలో స్పష్టంగా రాసి కట్టాలి. ఏమీ రాయకుండా కొంత కట్టి, ఆ చెల్లింపును ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లిమిటేషన్ చట్టం, 1963 కింద దావా వేయడానికి బ్యాంకుకున్న గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇదే చట్టంలో చాలామందికి తెలియని ఒక నిబంధన ఉంది. 20వ సెక్షను రెండో ఉపవిభాగం ప్రకారం, కలిసి అప్పు చేసినవారిలో ఒకరు సంతకం చేసిన అంగీకార పత్రం గాని, ఒకరు చేసిన చెల్లింపు గాని, కేవలం ఆ కారణంగా మిగతావారి మీద గడువును పొడిగించదు. పునరుద్ధరణ పత్రాల మీద ఎవరి సంతకాలు ఉన్నాయన్న పాత క్యాషియరు గారి ప్రశ్న అందుకే ముఖ్యమైనది. ఆ ప్రతులు చేతికి వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం.

మియాపూర్ మెట్రో
మాది ఓడీ కాదు, ఇంటి రుణం. ఫ్లాటు ఆమెకు, ఈఎంఐలు ఆమెవే అని రాసుకున్నాము. సహ రుణగ్రహీతగా నా పేరు తొలగించమని అడిగితే, ఆమె ఒక్కరి జీతానికి అంత రుణం రాదు కనుక కుదరదని బ్యాంకు చెప్పింది. ఆమె ఒక నెల ఆలస్యం చేసినా నా ఫోను మోగేది. చివరికి ఆమె తండ్రిని సహ రుణగ్రహీతగా చేర్చుకుని మరో బ్యాంకుకు రుణాన్ని మార్చుకున్నారు. పాత రుణం ముగిసింది, నేను ఫ్లాటులో నా వాటాను వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాసి రిజిస్టరు చేయించాను. వ్యక్తుల ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి రుణాల మీద ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఉండడం వల్ల ఆ మార్పుకు పెద్ద ఖర్చు కాలేదు. విడాకుల పత్రం రాసే రోజునే ఈ మార్పుకు ఒక గడువు పెట్టించుకోవాలని నా సలహా.

కాకినాడ కాజా
రుణం తీరాక ఫ్లాటు కాగితాలు ఇవ్వడానికి నెలల తరబడి తిప్పించుకుంటారని విన్నాను.

పాత క్యాషియరు
2023 డిసెంబరు 1 నుంచి ఆ పరిస్థితి మారింది. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల లోపు ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.

డాలస్ బాబాయి
ఇక్కడ టెక్సాస్‌లోనూ ఇదే తంతు. జాయింటు క్రెడిట్ కార్డు బాకీని భర్త తీర్చాలని విడాకుల డిక్రీలో రాసినా, కార్డు కంపెనీ ఆ డిక్రీని లెక్కచేయదు. అయితే కార్డు మీద "ఆథరైజ్డ్ యూజరు"గా మాత్రమే పేరున్నవారికి ఆ ఒప్పందం కింద కట్టవలసిన బాధ్యత ఉండదు. మనవాళ్లు చాలామందికి తమ పేరు ఏ హోదాలో ఉందో తెలియదు. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక సంపాదించినదాన్ని సాధారణంగా దంపతుల ఉమ్మడి ఆస్తిగా చూసే) రాష్ట్రాల్లో, వివాహ కాలంలో జీవిత భాగస్వామి ఒక్కరే చేసిన అప్పుల ప్రభావం కూడా ఉమ్మడి ఆస్తి మీద పడవచ్చు కనుక అక్కడివారు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. దంపతులు కలిసి దాఖలు చేసిన ఆదాయపు పన్ను రిటర్నులకు కూడా ఇద్దరిదీ పూర్తి బాధ్యతే. విడాకుల తర్వాత ఇక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ వెంటపడితే, అర్హత ఉన్నవారు 8857 ఫారంతో ఊరట కోరవచ్చు.

లెక్కల టీచరు
మన దగ్గర అసలు కార్డుకు అనుబంధంగా కుటుంబ సభ్యులకు ఇచ్చే ఆడ్-ఆన్ కార్డు కూడా అంతే కదా?

పాత క్యాషియరు
అవును. ఆడ్-ఆన్ కార్డు మీద ఖర్చు ఎవరు చేసినా బాధ్యత అసలు కార్డుదారుదే. కనుక విడాకుల దారిలో ఉన్న అసలు కార్డుదారు మొదట చేయవలసిన పని ఆడ్-ఆన్ కార్డును రద్దు చేయించడం.

కాకినాడ కాజా
మా బంధువు ఒకామె సందేహం. మాజీ భర్త జాయింటు ఖాతా చెక్కు ఎవరికో ఇచ్చారు, అది బౌన్స్ అయింది. 138 సెక్షను కింద ఆమెకు కూడా లాయరు నోటీసు వచ్చింది. ఆమె దాని మీద సంతకం చేయలేదు.

ఓరుగల్లు వకీలు
చెక్కు మీద సంతకం చేయని జాయింటు ఖాతాదారును 138 కింద విచారించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. అప్పు ఇద్దరిదీ అయినా సరే, సంతకం చేయనివారి మీద ఆ క్రిమినల్ కేసు నిలవదని 2021లో మరోసారి చెప్పింది. ఆ నోటీసుకు జవాబు మాత్రం తప్పకుండా ఇవ్వమనండి. మౌనంగా ఉండిపోతే ఫిర్యాదు దాఖలై, దాన్ని కొట్టివేయించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లవలసి రావచ్చు. క్రిమినల్ బాధ్యత లేనంత మాత్రాన సివిల్ బాకీ పోదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మల్లెపందిరి
ఖాతా స్తంభింపజేయమని ఉత్తరం ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. ప్రతులు ఇవ్వడానికి మొదట నిరాకరించి, నేను ప్రాంతీయ కార్యాలయానికి రాసిన తర్వాత ఇచ్చారు. వాటిలో కనిపించినవి ఇవి.

మొదటి మంజూరు ఐదు లక్షలకు, ఇద్దరి సంతకాలతో ఉంది. 2021 దాకా ప్రతి పునరుద్ధరణ మీద కూడా నా సంతకం ఉంది. 2023లో పరిమితిని ఏడు లక్షలకు పెంచారు. ఆ పత్రం మీద ఆయన సంతకం ఒక్కటే ఉంది, నా పేరు ఎదురుగా ఖాళీ. డిక్రీ వచ్చిన రోజున ఖాతాలో బాకీ 3,10,000. ఆ తర్వాత ఏడాదిన్నరలో ఆయన దుకాణం అమ్మకాల సొమ్ము తొమ్మిది లక్షల దాకా ఆ ఖాతాలో జమ చేశారు, అంతకు మించి తీశారు.

ఇంకొక విషయం. 2022లో నా జీతం ఖాతాలో ఇంటిపేరు మార్చుకోవడానికి ఇదే శాఖలో డిక్రీ ప్రతి ఇచ్చాను. అందుకున్నట్లు ముద్ర వేసిన దరఖాస్తు నా దగ్గర ఉంది. దానికేమైనా విలువ ఉంటుందా?

ఓరుగల్లు వకీలు
మీరు ఇప్పుడు రాసిన నాలుగు వాక్యాలతో మీ కేసు రూపమే మారిపోయింది.

మొదటిది, పెంచిన రెండు లక్షల పరిమితికి మీ సంతకం లేదు. మీరు ఒప్పుకోని కొత్త ఒప్పందానికి మిమ్మల్ని బాధ్యురాలిని చేయడం బ్యాంకుకు కష్టం. అయితే మొదటి ఒప్పందంలో "భవిష్యత్తులో పెంచే పరిమితులకు కూడా" అన్న అర్థం వచ్చే మాట ఏదైనా ఉందేమో ఒకసారి చదవండి, బ్యాంకు లాయరు ముందు వెతికేది దాన్నే.

రెండోది ఇంకా ముఖ్యం. కాంట్రాక్టు చట్టం 59 నుంచి 61 వరకు ఉన్న సెక్షన్లు, చెల్లించిన సొమ్మును ఏ బాకీకి జమ కట్టాలో చెబుతాయి. చెల్లించినవారు గాని, అప్పిచ్చినవారు గాని ఫలానా బాకీకి అని నిర్ణయించనప్పుడు, 61వ సెక్షను ప్రకారం ఆ సొమ్ము ముందు పాత బాకీకే జమవుతుంది. డిక్రీ నాటికి 3,10,000 ఉంటే, ఆ తర్వాత తొమ్మిది లక్షలు జమ అయ్యాయి కనుక ఆ పాత బాకీ ఎప్పుడో తీరిపోయిందని, ఇప్పుడున్నదంతా ఆ తర్వాత ఆయన తీసినదేనని మీరు వాదించవచ్చు. ఈ వాదన నిలవాలంటే, మీ బాధ్యత ఒక నిర్దిష్టమైన తేదీ దగ్గర ఆగిపోయిందని ముందుగా చూపించగలగాలి. మీ సంతకం లేని 2023 పునరుద్ధరణ అలాంటి తేదీ. ఆ రోజున బాకీ ఎంత ఉందో, ఆ తర్వాత ఎంత జమ అయిందో విడిగా లెక్క కట్టించండి.

పాత క్యాషియరు
ఇంటిపేరు మార్పు దరఖాస్తుకు విలువ ఉంటుందా అని అడిగారు, పెద్దగా ఉండదని నా అభిప్రాయం. దాన్ని ఖాతాదారుల గుర్తింపు వివరాలు చూసే కేవైసీ విభాగం చూస్తుంది, ఓడీ ఖాతా చూసే రుణ విభాగం దాని ముఖం చూడదు. విడాకులు అయ్యాయని బ్యాంకుకు తెలియడం వేరు, ఖాతా ఆపమని ఆదేశం ఇవ్వడం వేరు. విడాకుల తర్వాత కూడా వ్యాపార ఖాతాలను కలిసి నడుపుకునేవారు ఉన్నారు కనుక, డిక్రీ చూసిన వెంటనే ఖాతాను ఆపవలసిన బాధ్యత శాఖకు ఉందనలేము.

ఓరుగల్లు వకీలు
ఆ దరఖాస్తు ఒక్కటే మీ బాధ్యతను తొలగిస్తుందని నేనూ అనడం లేదు. కాని బ్యాంకు ఒకే సంస్థ, దాని ఎడమ చేతికి తెలిసినది కుడి చేతికి తెలియదని కోర్టులో చెప్పుకోవడం అంత సులభం కాదు. దంపతులు విడిపోయారని ఫైలులో కాగితం పెట్టుకుని, మరుసటి ఏడాది ఒక్కరి సంతకంతోనే పరిమితి పెంచిన శాఖ ఆ పని ఎందుకు చేసిందో చెప్పవలసి వస్తుంది. రాజీ మాటల్లో ఆ ముద్ర మీకు బాగా పనికొస్తుంది.

తుంగభద్ర
మరి ఆపేసిన జీతం సంగతి? ఆమె ఇంటి అద్దె ఎలా కట్టాలి?

లెక్కల టీచరు
జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనులో ఉంది కదా, అది బ్యాంకుకు వర్తించదా?

ఓరుగల్లు వకీలు
ఆ రక్షణ కోర్టు డిక్రీ అమలులో జరిగే జప్తుకు సంబంధించినది. బ్యాంకు తన దగ్గరే ఉన్న డిపాజిట్టును తనకు రావలసిన బాకీకి సర్దుకోవడం వేరే హక్కు. బాధ్యత ఉమ్మడిగానూ, విడివిడిగానూ అని ఒప్పందంలో రాసి ఉంటే, మల్లెపందిరి గారి సొంత ఖాతా మీద కూడా బ్యాంకు ఆ హక్కును వాడగలదు. దీనికి తిరగవేసి చూస్తే మాత్రం బ్యాంకుకు ఆ హక్కు ఉండదు. ఒకరి సొంత అప్పు కోసం, మరొకరికి కూడా వాటా ఉన్న జాయింటు డిపాజిట్టును ప్రత్యేక ఒప్పందం లేకుండా సర్దుకోవడం సాధారణంగా కుదరదు.

పాత క్యాషియరు
హక్కు ఉన్నా, బాకీ మొత్తమే వివాదంలో ఉన్నప్పుడు మొత్తం జీతాన్ని ఆపడం సబబు కాదని బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి. మీ మీద ఎంత బాధ్యత ఉందని బ్యాంకు భావిస్తున్నదో, ఏ నిబంధన కింద ఆపిందో రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైనులో ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. కోర్టులో కేసు నడుస్తున్న విషయాన్ని మాత్రం వారు తీసుకోరు కనుక, దావా కంటే ముందే ఆ తలుపు తట్టాలి. ఈలోగా వచ్చే నెల జీతాన్ని వేరే బ్యాంకు ఖాతాకు మార్పించుకోండి, అందులో తప్పేమీ లేదు.

రికవరీ మనుషులు ఫోను చేస్తే, ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత చేయడానికి వీల్లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

చివరి బెంచీ
నాకు సాయంత్రం 7 తర్వాత వచ్చేవన్నీ రుణం ఇస్తామనే ఫోన్లే. ఇచ్చేవారికి వేళ లేదన్నమాట.

మియాపూర్ మెట్రో
సిబిల్ విషయం ఎవరూ పూర్తిగా చెప్పలేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటిలోనూ ఆ ఓడీ ఎలా నమోదైందో చూడండి. బాకీ మొత్తం మీద అభ్యంతరం నమోదు చేయండి. ఆ సంస్థలు బ్యాంకు ధ్రువీకరించకుండా ఏదీ మార్చవు కాని, 30 రోజుల్లో ఫిర్యాదు తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. నా విషయంలో ఆ నిబంధనను ఉత్తరంలో పేర్కొన్న తర్వాతే కదలిక వచ్చింది.

మల్లెపందిరి
మొదటి ఒప్పందం చదివాను. బాధ్యత ఉమ్మడిగానూ విడివిడిగానూ అని ఉంది, పరిమితి "ఐదు లక్షలకు మించకుండా, వడ్డీతో సహా" అని అంకెలతో సహా ఉంది. భవిష్యత్తులో పెంచే పరిమితుల గురించి ఏమీ లేదు. 2023 పునరుద్ధరణ నాటికి బాకీ 2,85,000 అని తేలింది. ఆ తర్వాతి జమలు దానికంటే ఎక్కువే. ఈ లెక్క, డిక్రీ ముద్ర కాగితం జతచేసి ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చాను.

వారు జీతం ఖాతా మీది నిలుపుదల ఎత్తివేశారు. 2,85,000 మీద మాత్రం పట్టు వదలలేదు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చుందామని వారే ప్రతిపాదించారు. వెళ్లడం మంచిదా?

లెక్కల టీచరు
61వ సెక్షను లెక్క ప్రకారం మీరు కట్టవలసినది సున్నా. ఎందుకు కూర్చోవాలి?

ఓరుగల్లు వకీలు
కాగితం మీద సున్నా, కోర్టులో అది తేలడానికి ఏళ్లు. వ్యాపార రుణం, మీ ఇద్దరి మీద అడుగుతున్న మొత్తం బాకీ మూడు లక్షలకు పైనే కనుక బ్యాంకు వాణిజ్య కోర్టుకు వెళ్లవచ్చు. అత్యవసర ఉత్తర్వులు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వం అక్కడ ఎలాగూ తప్పనిసరి. లోక్ అదాలత్‌లో అయితే కోర్టు ఫీజు ఉండదు, అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేకపోవడం మీకూ వర్తిస్తుంది కనుక సంతకం చేసేముందు ప్రతి వాక్యం చదవండి. వెళ్లండి, సున్నా దగ్గర మొదలుపెట్టండి. మీ దృష్టిలో ఎంత ఇచ్చి ఈ ఖాతా నుంచి బయటపడటం లాభమో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్లండి.

తుంగభద్ర
ఇక్కడ వకీలు గారి మాటే నాది. మనశ్శాంతికి కూడా ఒక ధర కట్టుకోవాలి.

పాత క్యాషియరు
అవార్డులో రెండు మాటలు తప్పక ఉండాలి. ఒకటి, ఈ సొమ్ము అందిన వెంటనే రెండవ రుణగ్రహీత బాధ్యత అసలు, వడ్డీ, ఖర్చులతో సహా పూర్తిగా ముగుస్తుందని. ఇది లేకపోతే మిగతా బాకీకి మళ్లీ మీ దగ్గరికే వస్తారు. రెండు, మీ రుణ చరిత్రలో ఆ ఖాతాను ఎలా చూపిస్తారన్నది. తగ్గించి కట్టిన ఖాతాను "సెటిల్డ్" అని నమోదు చేస్తే, తర్వాత ఇంటి రుణం ఇచ్చే బ్యాంకు దాన్ని చూసి వెనకాడుతుంది. మీ విషయంలో ఇది తగ్గింపు కాదు, మీ వాటా బాధ్యతను నిర్ణయించడం. కనుక సహ రుణగ్రహీతగా మీ పేరును ఆ ఖాతా నుంచి తొలగిస్తామని రాయించుకోండి.

కాకినాడ కాజా
అప్పుడు బ్యాంకు ఆయన్ని కూడా వదిలేసినట్లు అవుతుందా?

ఓరుగల్లు వకీలు
కాదు. కలిసి వాగ్దానం చేసినవారిలో ఒకరిని విడుదల చేసినంత మాత్రాన మిగిలినవారు విడుదల కారని 44వ సెక్షను చెబుతుంది. బ్యాంకు నిశ్చింతగా ఆయన వెంట పడవచ్చు. ఈ మాట బ్యాంకు అధికారికి గుర్తుచేస్తే, మీకు విడుదల రాసివ్వడానికి వారికున్న సంకోచం కొంత తగ్గుతుంది.

మల్లెపందిరి
ఆయన లోక్ అదాలత్‌కు రానని కబురు పంపారు. ఆయన లేకుండా ఇది చెల్లుతుందా? నేను ఏదైనా కడితే దాన్ని ఆయన నుంచి రాబట్టుకునే దారి మూసుకుపోతుందా?

ఓరుగల్లు వకీలు
మీకూ బ్యాంకుకూ మధ్య రాజీకి ఆయన సంతకం అవసరం లేదు. ఆయన హక్కులను గాని, ఆయన కట్టవలసిన మొత్తాన్ని గాని నిర్ణయించే వాక్యం ఏదీ అందులో లేకుండా చూసుకుంటే చాలు. ఆయన మీద మీ హక్కు విడాకుల ఒప్పందం నుంచి వచ్చినది కనుక ఈ రాజీ దాన్ని తాకదు. అయినా "మొదటి రుణగ్రహీతపై రెండవ రుణగ్రహీతకు గల హక్కులకు భంగం లేకుండా" అన్న మాట చేర్పించండి. సొమ్మును నగదుగా ఇవ్వకుండా మీ సొంత ఖాతా నుంచి బదిలీ చేసి రసీదు తీసుకోండి. ఒప్పంద షరతులు డిక్రీలో భాగమయ్యాయి కనుక ముందు ఫ్యామిలీ కోర్టులో అమలు పిటిషను వేసి చూడవచ్చు. అది కుదరక విడిగా రికవరీ దావా వేయవలసి వస్తే, మీరు సొమ్ము కట్టిన తేదీ నుంచి మూడేళ్ల లోపు వేయాలి.